డీఅడిక్షన్ సెంటర్ నుంచి తమ్ముడు ఇంటికి వస్తున్నాడు, నాలోక్సోన్ ఉంచుకోవాలా?

#1 శ్రావణి_ఆర్

అందరికీ నమస్తే. మీ పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా తమ్ముడికి 26 ఏళ్లు. హెరాయిన్ అలవాటు, అది దొరకనప్పుడు నొప్పి మాత్రలు. కొన్నాళ్లు సూదితో కూడా ఎక్కించుకున్నాడు. ఇప్పుడు డీఅడిక్షన్ సెంటర్‌లో ఉన్నాడు. వచ్చే వారం ఇంటికి పంపించేస్తామన్నారు. పూర్తిగా మానేశాడు, ఒంట్లో ఏమీ లేదు, ఇక మీదే బాధ్యత అని ఫోన్‌లో చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ కాలు నేల మీద నిలవడం లేదు.

ఇలాంటివాళ్లు ఉన్న ఇంట్లో, మోతాదు ఎక్కువై ఊపిరి ఆగబోతే (ఓవర్‌డోస్) మత్తు దింపే నాలోక్సోన్ అనే మందు ఉంచుకోవాలని ఎక్కడో చదివాను. నాన్నతో అంటే గయ్యిమన్నారు. "మానేసి వస్తున్నవాడికి విరుగుడు సిద్ధం చేస్తావా? మళ్లీ మొదలుపెడతాడని నువ్వే రాసిపెట్టావా?" అని. తమ్ముడు కూడా అలాగే అనుకుంటాడేమోనని నా టెన్షన్. నిజంగా అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 నైట్‌డ్యూటీ_నర్స్

ఉంచండి శ్రావణి గారూ. మానేసి వస్తున్నాడు కాబట్టే ఉంచండి.

రోజూ వాడేవాళ్ల ఒళ్లు ఆ మోతాదుకు అలవాటు పడి ఉంటుంది. కొన్ని వారాలు ఆపితే ఆ అలవాటు పోతుంది. కోరిక మాత్రం అంత తేలిగ్గా పోదు. ఏదో ఒకరోజు మనసు లాగి, గుర్తున్న పాత మోతాదే తీసుకుంటే, ఇంతకుముందు తట్టుకున్న ఒళ్లే ఈసారి ఊపిరి తీయడం మానేస్తుంది. క్యాజువాలిటీలో ఓవర్‌డోస్ కేసు వచ్చినప్పుడు "మొన్ననే సెంటర్ నుంచి వచ్చాడమ్మా" అని ఇంట్లోవాళ్లు అనడం మాకు కొత్త కాదు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు అక్కడి మిగతా జనంతో పోలిస్తే 129 రెట్లు ఉంది. జైల్లో ఆగినా సెంటర్‌లో ఆగినా ఒంటికి ఒకటే.

#3 పాతకాపు

నర్సు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను సెంటర్లకు వెళ్లొచ్చినవాణ్నే, అదీ ఒకసారి కాదు.

తమ్ముడు ఏమనుకుంటాడో అన్నారు కదమ్మా. చాటుగా దాచారనుకోండి, తప్పకుండా అనుకుంటాడు. వాడికే చెప్పి, ఎక్కడ పెడదామో వాణ్నే అడగండి. ఓవర్‌డోస్ అయినవాడికి స్పృహ ఉండదు, ఆ మందు తనకు తాను వేసుకోలేడు. అది పక్కనున్నవాళ్ల కోసం. మా ఇంట్లో ఎక్కడుందో మా ఆవిడకు తెలుసు, ఎదురింటి కుర్రాడికీ తెలుసు.

#4 నాన్నమాట

నేను కాస్త కటువుగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మా అబ్బాయిదీ ఇదే కథ. విరుగుడు అల్మారాలో ఉందంటే భయం పోతుంది. భయం పోతే హద్దు పోతుంది. ఆ అమ్మాయి నాన్నగారు అన్నదాంట్లో తప్పేముంది? మనమే దగ్గరుండి దారి చూపిస్తున్నట్టు లేదూ?

#5 పాతకాపు

పెద్దాయన గారూ, నాలోక్సోన్ పడిందంటే మత్తంతా నిమిషాల్లో దిగిపోతుంది. కళ్లు తెరిచేసరికి వాంతులు, వణుకు, ఒళ్లంతా నొప్పులు. ఖర్చుపెట్టి కొన్నదంతా బూడిదలో పోసిన పన్నీరు. అది ఉంది కదా అని రెండింతలు తీసుకునేవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. మాలాంటివాళ్లకు దాని పేరు వింటేనే చిరాకు.

#6 మనోవైద్యుడు_కె

ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతాను. శ్రావణి గారూ, సెంటర్‌వాళ్లు ఏ మందు రాసి పంపిస్తున్నారు?

ఎందుకంటే, ఒంట్లోంచి హెరాయిన్ దిగిపోవడం వారం పది రోజుల పని. చివరిసారి తీసుకున్న 8 నుంచి 12 గంటల్లో ముక్కు కారడం, ఆవలింతలు, కడుపులో మెలితిప్పడం మొదలవుతాయి. రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరతాయి. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతాయి. ఆ కొద్ది రోజులు దాటించి, మిగతా వారాలు ఉపన్యాసాలు చెప్పి, ఉత్త చేతులతో ఇంటికి పంపితే దాన్ని నేను చికిత్స అనను. నర్సు గారు చెప్పిన ముప్పులోకి చెయ్యి పట్టుకుని దింపడమే అది.

ఈ సమస్యకు మంచి మందులున్నాయి. బుప్రెనార్ఫిన్ నాలుక కింద కరిగించుకునే మాత్ర. మెదడులో హెరాయిన్ పనిచేసే చోటునే ఇది గట్టిగా పట్టుకుంటుంది, కానీ పాక్షికంగానే పనిచేస్తుంది. అందుకే మోతాదు పెరిగినా ఒక స్థాయి దాటాక ఊపిరిని ఇంకా అణచదు. (నిద్రమాత్రలు గానీ మద్యం గానీ తోడైతే మాత్రం ఈ భరోసా ఉండదు.) మెథడోన్ సాధారణంగా రోజుకోసారి తాగే మందు. పూర్తి స్థాయిలో పనిచేస్తుంది కాబట్టి మోతాదు జాగ్రత్తగా పెంచాలి, అవసరమైతే ఈసీజీ తీయాలి. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మూడోది నాల్‌ట్రెక్సోన్, హెరాయిన్ తీసుకున్నా ఎక్కకుండా అడ్డుకుంటుంది. అది మానేసిన వెంటనే పాత మోతాదు తీసుకుంటే ప్రాణానికే ప్రమాదం.

చాలా దేశాల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు వెయ్యి మందికి ఏడాదికి సుమారు 11 మరణాలు. చికిత్స బయట ఉన్నప్పుడు 36. ఇంత తేడా చూపించే మందులు నా వృత్తిలో ఎక్కువ లేవు.

#7 నాన్నమాట

డాక్టరు గారూ, ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారన్నమాట. ఎన్నాళ్లు వాడాలి? జీవితాంతమా?

#8 పాతకాపు

దీనికి నేను చెప్తాను, డాక్టరు గారికంటే నాకే బాగా తెలుసు.

అప్పుడు నా పొద్దు ఎలా ఉండేదంటే, తెల్లారకముందే చెమటలు పట్టి మెలకువ వచ్చేది. కళ్లు తెరిచిన క్షణం నుంచి ఒకటే లెక్క. ఎవరి దగ్గర అప్పు పుడుతుంది, ఎవడు ఫోన్ ఎత్తుతాడు, ఇంట్లో అమ్మడానికి ఇంకేం మిగిలింది. దొరికాక ఎగిరి గంతేసేదేమీ లేదండీ, మామూలు మనిషిలా నిలబడడానికే తీసుకునేవాణ్ని. మళ్లీ మధ్యాహ్నానికి అదే పాట.

ఇప్పుడు పళ్లు తోముకుని, మాత్ర నాలుక కింద పెట్టుకుని, అది కరిగేదాకా నోరు మెదపకుండా కూర్చుంటాను. ఉమ్మి మింగకూడదు, మాట్లాడకూడదు. చేదుగా ఉంటుంది. మా పాప దాన్ని "నాన్న మౌనవ్రతం" అంటుంది. కరిగాక నీళ్లతో పుక్కిలించి డ్యూటీకి వెళ్తాను. మత్తు గిత్తు ఏమీ ఉండదు. మాత్ర వేసుకున్న సంగతే మర్చిపోతాను. రెండూ ఒకటే అని ఎవరైనా అంటే ఆ రెండు పొద్దులూ చూడనివాళ్లే అంటారు.

#9 మనోవైద్యుడు_కె

"ఎన్నాళ్లు" అన్నదానికి: ముందే గడువు పెట్టుకుని ఆపకూడదు. కొందరు ఏళ్ల తరబడి వాడతారు, కొందరు ఉద్యోగం, ఇల్లు, నిద్ర అన్నీ కుదుటపడ్డాక నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటారు. బంధువుల పెళ్లి వస్తోంది, అప్పటికి మానిపించండి అని అడిగేవాళ్లు నాకు తగులుతూనే ఉంటారు. కుదరదని చెప్పి పంపిస్తాను. చికిత్స ఆపిన తొలి నాలుగు వారాలు కూడా ప్రమాదకరమే.

#10 చరిత్రపిచ్చి

నేను డాక్టర్ని కాదు, పాత సంగతులు తవ్వే అలవాటు ఉన్నవాణ్ని.

మెథడోన్‌ను ఇలా వాడడం 1960ల్లో న్యూయార్క్‌లో మొదలైంది. విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు. ముందు రోగులకు మార్ఫిన్ ఇచ్చి చూశారు. వాళ్లు రోజంతా టీవీ ముందు జోగుతూ తర్వాతి డోసు ఎప్పుడని అడిగేవాళ్లట. మెథడోన్‌కు మార్చాక ఒకాయన బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు, ఇంకొకతను స్కూలు చదువు పూర్తి చేస్తానన్నాడు. 22 మంది రోగుల ఫలితాలతో వాళ్ల వ్యాసం 1965లో అచ్చయింది. ఈ అరవై ఏళ్లూ "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అన్న వాదన దాని వెంటే నడుస్తోంది, కాబట్టి నాన్నమాట గారు ఒంటరివారేం కాదు.

నాలోక్సోన్ కూడా ఆ కాలపు మందే. 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. పాతికేళ్లు డాక్టర్ల చేతుల్లోనే ఉంది. 1996లో షికాగోలో డాన్ బిగ్ అనే ఆయన, ఆయన సంస్థ, దాన్ని నేరుగా మత్తుమందులు వాడేవాళ్ల చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. ఓవర్‌డోస్ జరిగేచోట డాక్టరు ఉండడు, పక్కన ఇంకో వాడేవాడు ఉంటాడు. అంత సింపుల్ లెక్కకు పాతికేళ్లు పట్టింది చూడండి.

#11 శ్రావణి_ఆర్

అందరికీ థాంక్స్. డాక్టరు గారూ, సెంటర్‌కు ఫోన్ చేసి అడిగాను. విటమిన్ మాత్రలు, నిద్రకు ఏదో రాశారట. మీరు చెప్పినవేవీ లేవు. "అవన్నీ ఇస్తే మానినట్టు ఎలా అవుతుందమ్మా" అన్నారు. వేరే డాక్టరు కోసం చూస్తున్నాను.

ఇంకో సందేహం. నిజంగా అలాంటి పరిస్థితి వస్తే నాకు ఎలా తెలుస్తుంది? వాడు మామూలుగా నిద్రపోతున్నా నేను పొరబడి మందు వేసేస్తే?

#12 నైట్‌డ్యూటీ_నర్స్

పొరబడి వేసినా ఫర్వాలేదు. ఒంట్లో హెరాయిన్ జాతి మత్తుమందు లేకపోతే నాలోక్సోన్ ఏమీ చేయదు. వేయకపోతేనే నష్టం.

గుర్తుపట్టడం ఇలా. పిలిస్తే పలకడు. భుజం పట్టి గట్టిగా కుదపండి, రొమ్ము మధ్య ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దండి. నిద్రపోతున్నవాడైతే తిట్టుకుంటూ లేస్తాడు. ఓవర్‌డోస్ అయితే లేవడు. ఊపిరి చూడండి, చాలా నెమ్మదిగా ఉంటుంది, లేదా ఆగి ఆగి వస్తుంది. గొంతులో గురగురమని వింత గురక. దీన్నే చాలామంది ఇంట్లోవాళ్లు "హాయిగా గురక పెట్టి పడుకున్నాడు" అనుకుని తలుపు దగ్గరేసి వెళ్లిపోతారు. పెదాలు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారతాయి. కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది.

ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. నాలోక్సోన్ ముక్కులో కొట్టే స్ప్రే అయితే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా నొక్కండి. ముందే గాల్లో నొక్కి పరీక్షించకండి, దాంట్లో ఒక్క డోసే ఉంటుంది. ఇంజెక్షన్ అయితే తొడ కండరంలోకి, బట్టల మీద నుంచైనా ఫర్వాలేదు. ఆ తర్వాత చేతులు కట్టుకుని చూస్తూ నిలబడకూడదు. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదు సెకన్లకు ఒకసారి ఊపిరి ఊదండి. ఛాతీ పైకి లేస్తోందా చూడండి. చంపేది ఆక్సిజన్ అందకపోవడమే, కాబట్టి మందు కంటే ముందు కాపాడేది ఆ ఊపిరే. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో డోసు ఇంకో ముక్కు రంధ్రంలో. అసలు ఊపిరే లేక, నాడీ దొరక్కపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, ఫోన్‌లో ఉన్నవాళ్లు చెబుతారు.

ఊపిరి అందుకున్నాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే గొంతుకు అడ్డం పడకుండా. చన్నీళ్లు గుమ్మరించడం, ఉప్పునీళ్లు ఎక్కించడం, చెంపలు వాయించడం, నడిపించడం, ఇవేవీ పనిచేయవు. సమయం వృథా.

#13 మందులమూర్తి

మందుల షాపు నడిపేవాణ్ని, నర్సు గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను.

నాలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలు. ఒంట్లో ఉన్న మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు, ముఖ్యంగా మెథడోన్, నెమ్మదిగా కరిగే నొప్పి మాత్రలు. లేచి కూర్చుని "నాకేం కాలేదు, అంబులెన్స్ వద్దు" అంటాడు. వినకండి. గంట తర్వాత మళ్లీ ఊపిరి ఆగొచ్చు. ఆ మధ్యలో విత్‌డ్రాయల్ (మత్తు ఒక్కసారిగా దిగిపోతే వచ్చే) బాధ తట్టుకోలేక మళ్లీ తీసుకుంటానని గొడవ పడతాడు, అప్పుడు దగ్గరుండి మాటల్లో పెట్టాలి.

నిద్రమాత్రలకు, మద్యానికి, కొకైన్‌కు, మెత్‌కు ఇది పనిచేయదు. పశువులకు మత్తిచ్చే జైలజీన్‌ను కొన్నిచోట్ల హెరాయిన్‌లో కలుపుతున్నారు, దానికీ పనిచేయదు. అయినా ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు వేసేయండి, కలిపి తీసుకున్నవాళ్లే ఎక్కువ. అన్నట్టు, ఆ సెంటర్‌వాళ్లు రాసిన నిద్రమాత్ర ఏమిటో చీటీ చూడండి. బెంజోడయాజెపైన్ జాతిదైతే హెరాయిన్‌తో కలిసినప్పుడు ఊపిరి ఇంకా త్వరగా ఆగుతుంది. ఇలాంటి మనిషికి అది రాసిచ్చి పంపడమేమిటో నాకు అర్థం కాలేదు.

దొరకడం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. అమెరికాలో 2023 నుంచి ముక్కు స్ప్రేకి చీటీ అక్కర్లేదు. కొన్నిచోట్ల చీటీ తప్పనిసరి, ఇంకొన్నిచోట్ల ఆసుపత్రి దాటి బయటికి రాదు. మీ డాక్టర్ని అడిగి చీటీ రాయించుకోండి. కారులో, కిటికీ పక్కన ఎండలో పెట్టకండి.

#14 మోడరేటర్

ఒక పోస్టు తీసేశాం. ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎంత తీసుకోవచ్చు అనే ప్రశ్నలకు ఇక్కడ చోటు లేదు. చర్చ కొనసాగించండి.

#15 మూడోఅంతస్తు

నాదో అనుభవం. నా ఫ్రెండ్‌కు సూది వేసుకున్న చోట మోచేతి లోపల చీము గడ్డ కట్టింది. చెయ్యి బిగుసుకుపోయి, జ్వరం. చాలా రోజులు దాచాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే (పేరు వద్దు) అడ్మిట్ చేశారు. ఆ రాత్రికే విత్‌డ్రాయల్ మొదలైంది. విరేచనాలు, కాళ్లు తన్నుకోవడం, ఒకచోట పడుకోలేడు. డ్యూటీ డాక్టర్ని అడిగితే "చేసుకున్నప్పుడు తెలియలేదా" అన్నాడు. నొప్పికి పారాసిటమాల్ ఇచ్చారు. తెల్లారేసరికి సంతకం పెట్టి వెళ్లిపోయాడు, సెలైన్ సూది చేతికి అలాగే ఉంది. యాంటీబయాటిక్ సగంలో ఆగిపోయింది. రెండోసారి వెళ్లేసరికి రక్తంలోకి పాకింది.

బతికాడు. కానీ ఇప్పటికీ ఆసుపత్రి అంటే రాడు. పంటి నొప్పికి కూడా రాడు.

#16 నైట్‌డ్యూటీ_నర్స్

మూడోఅంతస్తు గారూ, ఇలాంటివి వార్డుల్లో నా కళ్ల ముందే జరుగుతాయి. మొండితనంతో వెళ్లిపోయాడని కేస్ షీట్‌లో రాస్తారు. నిజానికి ఆ ఒక్క రాత్రి విత్‌డ్రాయల్‌కు మందు ఇస్తే కదలకుండా పడుకునేవాడు. అడ్మిట్ అయిన రోజే బుప్రెనార్ఫినో మెథడోనో మొదలుపెట్టొచ్చు, చాలాచోట్ల అలా చేస్తున్నారు.

అందరికీ ఒక మాట. అడ్మిషన్ దగ్గరే చెప్పించండి, ఏం వాడతాడు, చివరిసారి ఎప్పుడు, రోజుకు ఎంత. దాచితే ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టరుకు తెలియదు, నొప్పి మందు డోసు సరిపోదు. ఇప్పటికే మెథడోనో బుప్రెనార్ఫినో వాడుతుంటే ఆపరేషన్ అయినా దాన్ని ఆపకుండా కొనసాగించి, నొప్పికి వేరుగా మందు ఇవ్వాలి. "వాడికి ఆల్రెడీ మత్తుమందు పడుతోంది కదా, నొప్పి ఏముంటుంది" అనే డాక్టర్లు ఉన్నారు. గట్టిగా అడగండి.

సూది వాడినవాళ్లకు కారణం తెలియని జ్వరం, ఆయాసం వస్తే ఫ్లూ అని తేలిగ్గా తీసుకోకండి. చర్మం మీది బ్యాక్టీరియా రక్తంలో పడి గుండె కవాటం మీద కూర్చుంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించాల్సి వస్తుంది, కొందరికి కవాటమే మార్చాలి. శ్రావణి గారూ, తమ్ముడికి ఎప్పుడైనా అలాంటి జ్వరం వస్తే ఆ రోజే తీసుకెళ్లండి.

#17 మనోవైద్యుడు_కె

రక్తపరీక్షలు కూడా. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. బి లేకపోతే టీకా వేయించండి. హెపటైటిస్ సి ఉంటే భయపడొద్దు, ఇప్పుడు 8 నుంచి 12 వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఇంకా మత్తుమందు వాడుతున్నా ఈ చికిత్స ఇవ్వొచ్చు. "ముందు మానేసి రా, తర్వాత చూద్దాం" అని తిప్పి పంపే రోజులు పోవాలి.

#18 నాన్నమాట

ఇదంతా చదివాక నాలోక్సోన్ సంగతి ఒప్పుకుంటాను. మా ఇంట్లోనూ తెచ్చి పెడతాను. కానీ కొన్ని దేశాల్లో ప్రభుత్వమే కొత్త సూదులు ఉచితంగా పంచుతుందట, కూర్చుని ఎక్కించుకోవడానికి గదులు కూడా కడుతుందట. ఇది మాత్రం నా బుర్రకు ఎక్కదు. చేసే పని తప్పు అని చెప్పాల్సినవాళ్లే సూది చేతికిస్తే ఎలా?

#19 చరిత్రపిచ్చి

సూదులు ఆపితే ఏమవుతుందో ఒక ఊరు చూసింది. 1980ల తొలి సంవత్సరాల్లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో మందుల షాపులు సిరంజీలు అమ్మడం మానేశాయి, పోలీసులు దొరికినవి లాక్కున్నారు. వాడేవాళ్లు వాడడం మానలేదు, ఒకే సిరంజీని పదిమంది పంచుకున్నారు. 1986లో అక్కడి ఒక క్లినిక్ తన రోగుల రక్తం పరీక్షిస్తే సూది వాడేవాళ్లలో సుమారు సగం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సూదుల మార్పిడి 1984లోనే మొదలైంది, హెపటైటిస్ బి భయంతో, వాడేవాళ్లే సంఘం పెట్టుకుని అడిగితే.

పాత కథ అనుకుంటే 2015 చూడండి. అమెరికా ఇండియానా రాష్ట్రంలో స్కాట్ కౌంటీ. ఏడాదికి ఐదు హెచ్‌ఐవీ కేసులు కూడా ఉండని పల్లె ప్రాంతం. నొప్పి మాత్రలు కరిగించి ఎక్కించుకుంటూ సూదులు పంచుకున్నారు, ఏడాది తిరక్కుండా కేసులు 180 దాటాయి. సూదుల మార్పిడికి వ్యతిరేకి అయిన గవర్నర్ మైక్ పెన్స్ స్వయంగా ఎమర్జెన్సీ ప్రకటించి అనుమతించాల్సి వచ్చింది.

గదుల విషయానికొస్తే మొదటిది 1986లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో. కెనడాలో వాంకూవర్‌ది 2003లో తెరిచారు, మూయించాలని ప్రభుత్వం చూస్తే 2011లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కుదరదంది. లోపల నర్సు ఉంటుంది, ఓవర్‌డోస్ అయితే అక్కడికక్కడే చూస్తుంది. గది నచ్చనివాళ్లు ఉండొచ్చు. కాకపోతే ఆ మనిషి అదే పని తలుపు మూసిన టాయిలెట్‌లో ఒంటరిగా చేస్తాడు.

#20 నాన్నమాట

చదివాను. నచ్చిందని అనను. లెక్కలు కాదనలేను.

#21 పేరువద్దు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అన్నయ్యది మద్యం, దానికి తోడు నిద్రమాత్రలు. గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో దారికొస్తాడని మా మామయ్య అంటున్నాడు. నాలుగు రోజుల్లో మొదలుపెడతారట.

#22 మనోవైద్యుడు_కె

వద్దు. దయచేసి ఈరోజే ఆపించండి. హెరాయిన్ విత్‌డ్రాయల్ నరకంలా ఉంటుంది కానీ, ఒంట్లో నీళ్లు తగ్గిపోకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం తీయదు. మద్యం, నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయి, మతి భ్రమిస్తుంది, మనిషి చనిపోవచ్చు. ఆసుపత్రిలో, తగ్గే మోతాదులో మందు ఇస్తూ, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ వేస్తూ మాన్పించాలి. చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపిస్తున్నాయనడం మొదలైతే నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. గర్భవతులు హెరాయిన్ వాడుతుంటే వాళ్లూ ఉన్నపళంగా ఆపకూడదు, బిడ్డకు ప్రమాదం, మెథడోనో బుప్రెనార్ఫినో మొదలుపెట్టాలి.

#23 పేరువద్దు

మామయ్యకు ఇది చూపించాను. రేపు ఉదయం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

#24 శ్రావణి_ఆర్

అప్‌డేట్. డాక్టరు దొరికారు. తమ్ముడు వచ్చిన మర్నాడే అపాయింట్‌మెంట్. బుప్రెనార్ఫిన్ ఇస్తామన్నారు, ఒంట్లో అలవాటు తగ్గిపోయింది కాబట్టి చాలా తక్కువ నుంచి మొదలుపెడతారట. సెంటర్‌వాళ్లు రాసిన నిద్రమాత్ర మూర్తి గారు అనుమానించిన జాతిదే. దాని సంగతి ఈ కొత్త డాక్టరు చూసుకుంటానన్నారు. నాలోక్సోన్ స్ప్రేలు రెండు తెచ్చాను.

తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడాను. కోపమొస్తుందేమో అనుకుంటే, "ఫ్రిజ్ మీద పెట్టక్కా, అమ్మకు అందుతుంది" అన్నాడు. నాన్న ఇంకా మాట్లాడడం లేదు కానీ, నిన్న రాత్రి ఆ డబ్బా మీద ముద్రించినది కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నారు. పాతకాపు గారూ, ఒక సందేహం. వాడి బాత్రూమ్ గడియ తీసేయించమంటారా?

#25 పాతకాపు

తీసేయకండమ్మా, మొదటి రోజే పరువు పోయినట్టు ఉంటుంది. బయటి నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే రకం గడియ ఉంటుంది, అది బిగించండి, బిగించామని వాడికి చెప్పండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపల మనిషి పడిపోతే తలుపుకు అడ్డం పడతాడు. ఎక్కువసేపైతే తలుపు కొడతామని ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో పది నిమిషాలు. పలికితే చాలు, ఎందుకు లేటు అని మా ఆవిడ అడగదు.

#26 మందులమూర్తి

స్ప్రే డబ్బా మీద గడువు తేదీ చూశారా? కొన్ని షాపుల్లో పాత స్టాకు అంటగడతారు. ఇంకొకటి, ఫ్రిజ్ మీద వెనకవైపు వేడిగా ఉంటుంది, ముందువైపు అంచున పెట్టండి.